దగ్గరంటే ఎటువైపండీ?

మా ఆవిడ పోయింది. వానలు మొదలైన వారంలో, ఒక పొద్దున, ఆస్పత్రిలో. ప్రభువు పిలుచుకున్నాడని చర్చిలో చెప్పారు. పాస్టర్ గారు ఆవిడ గురించి మంచి మాటలు నాలుగు చెప్పారు. సమాధుల తోట నుంచి ఇంటికొచ్చాక, ఆవిడ నడిపిన తోట గ్రూపులో నేను రెండు వాక్యాలు రాశాను. "మీ మేడం గారు చనిపోయారు. చివరి వారం కూడా మీ మొక్కల గురించి అడిగారు." అంతకుమించి రాయడం చేతకాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇది చదివేవాళ్లలో ఆ గ్రూపు తెలిసినవాళ్లు కొందరే ఉంటారు. విజయవాడ చుట్టుపక్కల మేడల మీద, పెరళ్లలో, వసారాల్లో కుండీలు పెట్టుకుని కూరగాయలు పెంచేవాళ్ల గ్రూపు అది. ఆకు ముడుచుకుపోతే ఫోటో పెడతారు. తెలిసినవాళ్లు చెబుతారు. విత్తనాలు మిగిలితే పంచుకుంటారు. మా ఆవిడ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేది. రిటైరయ్యాక పటమటలో మా అపార్ట్‌మెంటు మేడ మీదికి కుండీలు చేరాయి. వాటి వెనక గ్రూపు చేరింది. నేను అదే కాలేజీలో లెక్కలు చెప్పాను. మొక్కల సంగతి నాకు తెలియదు. ఆ గ్రూపు గుమ్మంలో ఆవిడ చేసే పని మాత్రం ఆసక్తిగా చూసేవాణ్ని.

గుమ్మం అనడం ఆవిడ అలవాటు. గ్రూపులో చేరాలనుకునేవాళ్లు ముందు అనుమతి అడగాలి. ఆవిడ చూసి లోపలికి రానిచ్చేది. పొద్దున మొక్కలకి నీళ్లు పోశాక, కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, తడి బొటనవేలు కొంగుకి తుడుచుకుని ఫోన్ తెరిచేది. వచ్చినవాళ్ల పేర్లు పైకి చదివేది. నేను కుర్చీలో కూర్చుని వినేవాణ్ని. కొందరు మనుషులు. కొన్ని కావు.

కానివి మనుషుల పేర్లతో మాట్లాడే యంత్రాలు. మొదట్లో వాటిని తేలిగ్గా పట్టుకోవచ్చు. పేరు ఒకరిది, ఫోటో ఇంకెవరిదో. రానిచ్చిన గంటలో అప్పులిస్తామని, ఇంట్లో కూర్చుని సంపాదించమని లింకులు కురిపిస్తాయి. ఒకటి తీసేస్తే మరో పేరుతో వస్తాయి. వాటి వెనక ఎక్కడో మనిషి ఉంటాడని, ఒక్కడే వందల పేర్లు నడుపుతాడని నేను చదివి చెప్పాను.

"మన వంకాయల గ్రూపులో వాడికేం దొరుకుతుందండీ?" అంది.

"నమ్మకం. ఇక్కడ ఒకరు చెబితే ఒకరు వింటారు. వాడికి కావలసింది అదే."

"అయితే తెలివైనవాడే. సరైన చోటికే వచ్చాడు," అంది.

నేను లెక్కల వాణ్ని కాబట్టి నియమాలు చెప్పాను. కొత్తగా తెరిచిన ఖాతా అయితే వద్దు. ఫోటో లేకపోతే వద్దు. రోజూ ఒకే మాట పంపితే తీసెయ్.

"మా పెద్దమ్మ కొత్త ఫోన్ కొంది. ఫోటో పెట్టుకోవడం రాదు. పొద్దున్నే అందరికీ 'దేవుడు దీవించుగాక' అని పంపుతుంది. మీ లెక్కలో మా పెద్దమ్మ యంత్రం."

"మీ పెద్దమ్మ కూరగాయలు పెంచదుగా."

"పెంచితే?"

అని, ఆవిడ తర్వాతి పేరు చదివింది.

ఒకసారి సైటు ఆవిణ్ణే అనుమానించింది. ఒకే పూట చాలా పేర్లు తీసేసిందని కాబోలు, మీరు మనిషేనని నిరూపించుకోండి అంది. గడుల్లో చిన్న చిన్న బొమ్మలు. చెట్లున్న గడులన్నీ నొక్కాలి. నొక్కింది. తప్పంది. మళ్లీ బొమ్మలు, మళ్లీ తప్పు.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. నేను మనిషిని కాదంటోంది."

వెళ్లి చూశాను. ఒక గడిలో అరటి ఉంది. దాన్ని వదిలేసింది.

"అదీ నొక్కు."

"అరటి చెట్టేంటండీ. కాండంలో చెక్క ఎక్కడుంది? అది మొక్క."

"దానికి తెలియదుగా."

"తెలియనిది నాకు పరీక్ష పెట్టడమేంటి? ఈ తప్పుకి పిల్లలకి మార్కు కోసేదాన్ని."

నొక్కలేదు. నేనే చెయ్యి చాపి నొక్కాను. రానిచ్చింది. "అది ఒప్పుకున్నది మీరు మనిషని. నా సంగతి తేలలేదు," అని ఆ రోజంతా అంది.

బొమ్మలతో మనిషిని పట్టుకోలేమని ఆవిడకి అప్పుడే అనిపించి ఉంటుంది. మరి దేనితో? కొన్నాళ్లు వెతికింది. చివరికి కొత్తవాళ్లని అడగడానికి ఒక్క ప్రశ్న పెట్టింది. మీదే ఊరండీ?

నేను నవ్వాను. ఊరి పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరైనా చెప్పగలరు అన్నాను.

"చెప్పడం చూడండి," అంది.

మన వైపు ఊరు చెప్పే పద్ధతి ఒకటుంది. అప్పటిదాకా నేను గమనించలేదు. అడగ్గానే ఎవరూ సొంత ఊరు చెప్పరు. మాది హనుమాన్ జంక్షన్ దగ్గరండి అంటారు. అని ఊరుకుంటారు. తమ ఊరు అవతలివాళ్లకి తెలియదన్న మొహమాటం కొంత, అవతలివాళ్లకి నిజంగా కావాలో లేదో చూద్దామన్న పరీక్ష కొంత. ఇవతలి మనిషి 'దగ్గరంటే ఎటువైపండీ' అనాలి. అప్పుడు ఏలూరు వైపో నూజివీడు వైపో చెబుతారు. ఇంకోసారి అడిగితే అప్పుడు ఊరు. ఆ తర్వాత ఆపడం కష్టం. ఆ ఊళ్లో మీ మేనత్త తోడికోడలుండాలే అనేదాకా వెళుతుంది.

యంత్రాలు అలా చెప్పవు. అప్పటికి వాటికి మంచి తెలుగు వచ్చేసింది. "నేను కృష్ణా జిల్లాలోని హనుమాన్ జంక్షన్ గ్రామంలో నివసిస్తున్నాను. తోటపని పట్ల నాకు అమితమైన ఆసక్తి కలదు" అని ఒకే ఊపిరిలో అప్పజెప్పేవి. ఒకదాన్ని ఆవిడ ఊరికే వదల్లేదు. జంక్షన్‌కి ఎటువైపండీ అని అడిగింది. "హనుమాన్ జంక్షన్‌కి అన్ని వైపులా" అని జవాబొచ్చింది. ఆ వారం మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందని అడిగినా నాకు అదే జవాబు.

"వీటికి చెప్పడం వచ్చు. అడిగించుకోవడం రాదు," అనేది ఆవిడ.

నేను ఊరుకోలేదు. ఆ మాట బయటికి పొక్కితే అదీ నేర్చుకుంటాయి అన్నాను. "నేర్చుకోనివ్వండి. అప్పుడు ఇంకేదో మిగులుతుంది. అదేంటో చూద్దాం," అంది. ఆవిడకి భయం తక్కువ, చూద్దామన్న కోరిక ఎక్కువ. క్లాసులో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడూ అంతే.

ఆ పద్ధతికి లొంగని మనిషి ఒకాయన వచ్చారు. మైలవరంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరేదంటే, తన పేరు, తండ్రి పేరు, వీధి, మండలం, జిల్లా, పూర్వం ఏ జిల్లాలో ఉండేదో కూడా, దరఖాస్తులా రాశారు. నేను చూసి, ఇది తప్పకుండా యంత్రమే అన్నాను.

"ఇంకో మాట అడుగుతాను," అని, మీ వంకాయల్లో పుచ్చు ఎలా ఉందండీ అని రాసింది.

జవాబు వెంటనే వచ్చింది. "ముందు తమరెవరో చెప్పండి. స్త్రీ పేరు పెట్టుకుని ఎవడో నా వివరాలన్నీ రాబట్టాడు. ఇప్పుడు నా వంకాయల సంగతి కూడా కావలసి వచ్చిందా?"

ఆవిడ కాఫీ పొలమారేలా నవ్వింది. "మనిషే."

"తిట్టాడు కాబట్టా?"

"కాదండీ. నన్ను అనుమానపడ్డాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషి లోపలికి తొంగిచూస్తాడు. యంత్రానికి లోపల ఎవరుంటే ఏంటి?"

ఆ మాస్టారే తర్వాత ఆవిడతో పాటు గుమ్మం కాశారు. ఆయనది కత్తి. అనుమానం వస్తే తీసేయడమే. "అమ్మా, మీరు మరీ మెతక," అనేవారు. "మాస్టారూ, అనుమానమొస్తే తలుపెయ్యకండి. ఇంకో మాట అడగండి. అప్పటికీ తేలకపోతే ఇంకోటి," అనేది. ఈ విషయం మీద వాళ్లిద్దరూ ఎన్నడూ ఒక మాటకి రాలేదు. నేను లోలోపల మాస్టారి పక్షం.

ఆస్పత్రిలో చేరాక గ్రూపు తాళాలు నాకిచ్చింది. అంటే ఆవిడతో పాటు నన్నూ అడ్మిన్‌ని చేసింది. కొత్తవాళ్లని ఎలా పలకరించాలో చెప్పింది. తీసేయడం ఎలాగో చెప్పమన్నాను.

"ముందు మాట్లాడటం నేర్చుకోండి. తీసేసేది చివర్లో చెబుతాను."

అది చెప్పే వీలు రాలేదు.

నేను రాసిన రెండు వాక్యాల కింద చాలామంది రాశారు. అవి చదువుతుండగానే, వారం తిరిగిందో లేదో, హనుమాన్ జంక్షన్ దగ్గర నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ మందుల షాపులో పనిచేస్తుంది. పెళ్లయి చాలా ఏళ్లయింది. మా ఆవిడతో బాగా చనువు. దొండ తీగ దగ్గర మొదలుపెట్టి ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది.

"సార్, మేడం గారు మెసేజ్ పెట్టారండి."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మేడం గారు కాదని తెలుసండి. వచ్చిన ఫోటో ఆవిడదే. చీర కూడా ఆ పచ్చ చీరే. బాగున్నావా అమ్మా అని ఉందండి. బాగున్నానండి అని పెట్టేశాను."

"తెలిసి కూడానా?"

"అడిగారు కదండీ," అంది. "నాకు నెల తప్పిందండి. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంది మా అత్తగారు. మేడం గారికి మాత్రం ముందే చెబుదామనుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నారని ఆగాను. ఇప్పుడు అడిగేసరికి చెప్పేశానండి."

"ఏమని వచ్చింది?"

"అభినందనలు, మీకో బహుమతి ఉంది, కింద లింకు నొక్కండి అని. నొక్కలేదండి. మేడం గారైతే ముందు డాక్టరుకి చూపించుకున్నావా అని అడుగుతారు. అది అడగలేదు."

డాక్టరుకి చూపించుకున్నావా అని నేను అడిగాను. చూపించుకున్నానంది. ఫోన్ పెట్టేశాక నేను కూడా వెతికి ఆ ఖాతా చూశాను. ఫోటో మా మేడ మీద నేను తీసిందే. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. ఇప్పుడు అందుబాటులో ఉన్నారని దానర్థం. ఆ చుక్కని కొంతసేపు చూశాను. ఆ అమ్మాయి ఎందుకు జవాబిచ్చిందో నాకు అర్థమైంది.

మధ్యాహ్నం మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనకీ మెసేజ్ వచ్చిందట. ఇంకా చాలామందికి వచ్చిందట. ఒకావిడ లింకు నొక్కేసింది కూడా. చావు కబురు ఉన్న చోట్లు వెతుక్కుని వస్తాయట ఇవి.

"తీయించేశానండీ. నేనూ, ఇంకొందరూ ఫిర్యాదు చేస్తే పోయింది. రేపు ఇంకోటి వస్తుంది. ఆవిడ అసలు ఖాతా తెరిచి ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి. ఏది అసలో ఏది కాదో జనానికి ఎలా తెలుస్తుంది?"

"ఏం చేద్దామంటారు?"

"అసలుది మూసేయాలి. మూసేసి, ఇకమీదట ఆ పేరుతో ఏ మాట వచ్చినా ఆమెది కాదని చెప్పాలి. ఆ మాట మీరే చెప్పాలండీ."

మూసేస్తే ఏమవుతుందని అడిగాను. ఇన్నేళ్లుగా ఆవిడ రాసిన జవాబులు ఉంటాయట. వాటి పైన ఆవిడ పేరు, ఫోటో పోయి, 'ఒక సభ్యులు' అని మిగులుతుందట.

జంక్షన్ అమ్మాయికి ఎలా తెలిసిందో తెలిసింది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. "పేరు తీసేయకండి సార్. పాత జవాబుల మీద ఆ పేరు కనపడితే ధైర్యంగా ఉంటుంది. ఈసారి ఏం వచ్చినా జవాబివ్వనండి."

ఆ అమ్మాయి ఇవ్వదు. లింకు నొక్కినావిడ మళ్లీ నొక్కదని చెప్పలేను. మాస్టారు చెప్పింది సబబే. నా మనసు అమ్మాయి వైపు ఉంది. గ్రూపులో ఆ పేరు ఉన్న చోట నేను రోజూ ఒకసారి ఆగుతున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇలాంటప్పుడు ఆవిడ ఏం చేసేదని ఆలోచించాను. ఇంకో మాట అడగమనేది. కానీ ఈసారి అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. అప్పుడు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా మామగారి పొలం కూచిపూడి దగ్గర. పెళ్లైన కొత్తలో ఒక శీతాకాలం వెళ్లాం. వరి కోసేశాక వేసిన మినుము. అందులో అక్కడక్కడా పసుపుపచ్చని దారాల్లా తీగ అల్లుకుని ఉంది. బంగారు తీగ అంటారు. దానికి ఆకులుండవు. మొలిచినప్పుడు మాత్రం వేరుంటుంది. మినుము మొక్కని పట్టుకోగానే నేలతో పని లేక ఆ వేరు వదిలేసి, మొక్క రసం మీద బతుకుతుంది. ఇదంతా ఆవిడే చెప్పింది. నేను చొక్కా చేతులు మడిచి, ఒక మొక్క దగ్గర కూర్చుని దారాలు విడదీయడం మొదలుపెట్టాను.

"తీగ ఒక్కటీ లాగుతున్నారేంటండీ? చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. మొక్కతో సహా పీకాలి."

"మొక్క బాగానే ఉందిగా. పూత మీదుంది."

"ఉంది. మిగతా చేను కూడా పూత మీదే ఉంది."

అని, నేను విడదీస్తున్న మొక్కని నా చేతుల కింది నుంచే పీకింది. గట్టు మీదికి తీసుకెళ్లి పెట్టింది. ముఖంలో బాధ ఉంది. చేతిలో తడబాటు లేదు.

ఆ మర్నాడు పొద్దున జంక్షన్ అమ్మాయికి ముందు ఫోన్ చేసి చెప్పాను. "సరేనండి. మేడం గారి జవాబులు నాకు తెలుస్తాయిలెండి, పేరు లేకపోయినా," అంది.

తర్వాత గ్రూపులో రాశాను. "మీ మేడం గారి ఖాతా ఈరోజు మూసేస్తున్నాను. ఇకమీదట ఆమె పేరుతో, ఆమె ఫోటోతో ఎవరు పలకరించినా అది ఆమె కాదు. ఎంత బాగా మాట్లాడినా కాదు. జవాబివ్వకండి." ఆఖరి వాక్యం రాయడానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది. ఎవరికి రాస్తున్నానో నాకు తెలుసు.

ఆవిడ ఫోన్ తెరిచాను. ఖాతా మూసేసే చోటు వెతుక్కున్నాను. ఎందుకు వెళ్లిపోతున్నారు అని అడిగింది. కింద కారణాలు ఇచ్చింది. ఆసక్తి తగ్గింది. సందేశాలు ఎక్కువగా వస్తున్నాయి. కొంతకాలం విరామం కావాలి. ఇతరములు. నేను ఇతరములు నొక్కాను. కారణం రాయమని ఖాళీ ఇచ్చింది. అది ఖాళీగానే వదిలేశాను. మీరు వెళ్లిపోవడం మాకు బాధగా ఉంది, మీరెప్పుడైనా తిరిగి రావచ్చు అంది. ఆ నెలలో నాకు వచ్చిన సంతాపాల్లో అదొకటి.

గ్రూపు తెరిచి చూస్తే ఆవిడ జవాబులన్నీ ఉన్నాయి. పురుగుకి చల్లే నీళ్లలో పుల్ల మజ్జిగ ఎంత కలపాలో, ఆకులకి తెల్లగా పట్టే పిండినల్లిని ఎలా కడగాలో. అన్నిటి పైనా 'ఒక సభ్యులు'.

కొన్నాళ్లు మేడ మీదికి వెళ్లినా నీళ్లు పోసి దిగివచ్చేవాణ్ని. పందిరి మీద సొరపాదు బాగా పాకింది. పిందెలు వేస్తోంది, కానీ నాలుగు రోజులకి పసుపెక్కి రాలిపోతున్నాయి. మొన్న ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అడ్మిన్‌గా నోటీసులు రాయడం తప్ప, ఆ గ్రూపులో నేను ఏదైనా అడగడం అదే మొదలు.

"ఫోటోలో తమరి బొటనవేలు తప్ప ఏమీ కనబడటం లేదండీ," అని మాస్టారు.

జంక్షన్ అమ్మాయి రాసింది. "అంత ఎత్తుకి పురుగులు రావడం లేదేమోనండి. మీరే అద్దాలి సార్. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి అద్దండి. పొద్దున కాదు, సొర సాయంత్రం పూస్తుంది. ఇప్పుడే వెళ్లండి."

"ఏది మగ, ఏది ఆడ?"

"పువ్వు ముఖం చూడకండి సార్. వెనక చూడండి."

ఎక్కాను. బందరు రోడ్డు మీద దీపాలు వెలుగుతున్నాయి. పందిరి మీద తెల్లటి పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి, పల్చగా, నలిగిన కాగితంలా. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూశాను. కొన్నిటికి వట్టి కాడ, అవి మగవి కాబోలు. ఒకటి ఆకు కింద ఉంది. ఆకు పైకెత్తాను. పువ్వు వెనక చిటికెన వేలంత సొరకాయ, ఒళ్లంతా తెల్లటి నూగు.